ఢిల్లీ నుంచి విజయవాడకు కారు ఇంజన్: దెబ్బతినకుండా, ఖర్చు పెరగకుండా తెప్పించుకోవడం ఎలా

మా బావమరిది టాక్సీకి తిప్పే డిజైర్ డీజిల్ బండి ఆయిల్ లైటు వెలిగినా ఆగలేదు. "ఇంకో నాలుగు కిలోమీటర్లే కదా" అనుకున్నాడు. ఆ నాలుగూ దాటేలోపే ఇంజన్ పట్టేసింది. బోరు, క్రాంకు, హెడ్ పని అంతా లెక్క వేసి, సెకండ్‌హ్యాండ్ ఇంజన్ వేసుకోవడమే నయమని మెకానిక్ తేల్చాడు. మారుతీ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు అమ్మడమే మానేసింది. దాంతో ఆ 1248 సీసీ ఇంజన్ కావాలంటే అందరి చూపూ పాత బళ్ల మీదే. విజయవాడ ఆటోనగర్‌లో ఆ నెల మంచిది దొరకలేదు. దొరికింది ఢిల్లీ మాయాపురిలో. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు అక్కడ తిరగకూడదని గ్రీన్ ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, 2018లో సుప్రీంకోర్టూ అదే మాట అంది. దాంతో ఇంకా ఊపిరున్న ఇంజన్లు కూడా ఆ మార్కెట్‌కి చేరుతుంటాయి.

ఇంజన్ వచ్చింది, పాత టైరులో కూర్చుని. పైకి గీత కూడా లేదు. బిగించబోయే ముందు మెకానిక్ అడుగున చేయి పెట్టి చూసి, ఆయిల్ చాంబర్ సొట్టపడి లోపలి స్ట్రైనర్‌కి (ఆయిల్ పీల్చుకునే జాలీకి) ఆనుకుందన్నాడు. అంటే ఆయిల్ అందక చచ్చిన ఇంజన్ స్థానంలోకి, ఆయిల్ అందక చావబోయే ఇంజన్ వచ్చిందన్నమాట. దారిలో లారీ ఎక్కడా గుద్దుకోలేదు. ఏదో గోడౌన్‌లో ఎవరో దాన్ని టైరుతో సహా కిందికి దొర్లించారు, అంతే.

ఆ తర్వాత మాకూ తెలిసినవాళ్లకూ కలిపి మరికొన్ని ఇంజన్లు తెప్పించాను. నాకు అర్థమైంది ఒకటే: ఇంజన్‌కి దెబ్బ తగిలేది రోడ్డు మీద కాదు, ఎత్తేటప్పుడూ దించేటప్పుడూ. కింద చెప్పే పనులన్నీ దాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పినవే.

1. డబ్బు పంపే ముందు నంబరు, కాగితాలు

వీడియో కాల్‌లో అడగాల్సింది ఇంజన్ మోత కాదు, ముందు నంబరు. బ్లాక్ మీద కొట్టిన ఇంజన్ నంబరును గుడ్డతో తుడిపించి దగ్గరగా ఫోటో తీయించుకోండి. అక్షరాలు గీకినట్టున్నా, చుట్టూ గ్రైండింగ్ గుర్తులున్నా ఆ బేరం వదిలేయండి, ధర ఎంత తక్కువైనా సరే. ఆ ఇంజన్ ఏ బండిదో దాని ఆర్‌సీ కాపీ గానీ, స్క్రాప్ చేసినట్టు సర్టిఫికెట్ గానీ అడగండి. ఆ బండి దొంగతనం కేసులో ఉందేమో ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) వాళ్ల ఆన్‌లైన్ సేవలో చూసుకోవచ్చు. బిల్లులో "ఓల్డ్ ఇంజన్, ఒకటి" అని రాసిస్తే ఒప్పుకోకండి, ఇంజన్ నంబరు పడాలి. రేపు ఆర్‌టీఓ ఆఫీసులో అడిగేది ఆ బిల్లే.

మోడల్ కూడా సరిచూసుకోండి. ఇదే 1248 సీసీ ఇంజన్ 75 హార్స్‌పవర్ రకం ఒకటి, వేరే టర్బోతో (ఇంజన్‌లోకి గాలి నెట్టే ఫ్యాను) 90 హార్స్‌పవర్ రకం ఇంకొకటి ఉంది. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. మీ బండిలో ఉన్నది ఏదో మెకానిక్‌ని అడిగి, అమ్మేవాడితో అతన్నే మాట్లాడించండి.

ఇంకొక్క మాట. ఈ మార్కెట్లలో "చెకింగ్ వారంటీ" అని కొన్ని రోజులు ఇస్తారు. ఆ రోజులు బిల్లు తేదీ నుంచి లెక్కపెడితే సగం లారీలోనే అయిపోతాయి. ఇంజన్ మీ చేతికి అందిన రోజు నుంచి లెక్క అని ముందే మాట తీసుకుని, వాట్సాప్‌లో ఒక్క ముక్క రాయించుకోండి.

2. ఏమేం రావాలో తేల్చుకోండి

మార్కెట్‌లో "ఫుల్ ఇంజన్" అంటే టర్బో, నోజిల్స్ (డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు), డైనమో, సెల్ఫ్ మోటరు, ఏసీ కంప్రెసర్ అన్నీ ఉన్నది. "హాఫ్ ఇంజన్" అంటే పైసామాను లేని బ్లాక్. మీ పాత ఇంజన్ మీద డైనమో, సెల్ఫ్, కంప్రెసర్ బాగుంటే వాటిని మళ్లీ కొని, మళ్లీ కిరాయి కట్టి తెప్పించుకోవడం దండగ. అవి తీసేస్తే బరువు తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం, పక్కలకు పొడుచుకొచ్చి దెబ్బతినే భాగాలు తగ్గుతాయి.

ఈసీఎం (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), సెన్సర్లు, వైరింగ్ కిట్ కావాలంటే ఇంజన్‌తో కలిపి కట్టనివ్వకండి. విడిగా చిన్న పెట్టెలో కొరియర్‌లో రప్పించుకోండి. గేర్‌బాక్స్ కూడా తీసుకుంటుంటే రెండూ విడదీసి పంపమనండి. కలిపి ఉంటే పొడవు పెరుగుతుంది, బరువు ఒకవైపుకు లాగుతుంది, ఇంజన్‌ని కూర్చోబెట్టే చెక్క పీట మీద నిలబడదు. టార్క్ కన్వర్టర్ (ఇంజన్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే భాగం) ఉన్న ఆటోమేటిక్ బండిదైతే అది జారి బయటికి రాకుండా అడ్డంగా ఒక పట్టీ బిగించాలి. అది జారిపడితే లోపలి సీలు పోతుంది.

3. ఖాళీ చేయండి, మూతలు పెట్టండి

ఆయిల్, కూలెంట్, డీజిల్ పూర్తిగా వంపేయాలి. ఆయిల్ కారే సరుకును లారీ ఆఫీసువాళ్లు తీసుకోరు. తీసుకుని, అది పక్కనున్న బట్టల మూటల మీద కారితే ఆ నష్టం మీ నెత్తిన పడుతుంది. ఆయిల్ దింపాక డ్రెయిన్ నట్టు మళ్లీ బిగించారో లేదో ఫోటో అడగండి. విడిచిపెట్టేసిన నట్టు కోసం ఇక్కడ షాపులన్నీ తిరిగిన రోజు నాకుంది.

తర్వాత రంధ్రాలు. గాలి లోపలికెళ్లే దారి, సైలెన్సర్ వైపు, టర్బో రెండు మూతులు, డీజిల్ పైపుల చివర్లు, నీళ్ల పైపులు, డిప్‌స్టిక్ గొట్టం, ఆయిల్ ఫిల్టర్ తీసేస్తే దాని చోటు: ఇవన్నీ మూయాలి. ప్లాస్టిక్ మూతలుంటే మంచిది, లేకపోతే మందపాటి పాలిథిన్ చుట్టి టేపు. గుడ్డపేలికలు మాత్రం కుక్కనివ్వకండి. మెకానిక్‌లందరికీ చేతికి ముందు దొరికేది అదే. బిగించేటప్పుడు ఒక్క పేలిక టర్బో మూతిలో మర్చిపోతే, స్టార్ట్ చేసిన నిమిషంలోనే టర్బో రెక్కలు పోతాయి. ఎర్ర టేపు వాడమని, ఎన్ని చోట్ల వేశారో లెక్క రాసి పంపమని అడగండి. ఇక్కడ విప్పేటప్పుడు అదే లెక్క సరిచూసుకోవచ్చు. నోజిల్స్ విప్పనివ్వొద్దు, ఎక్కడివక్కడే ఉండాలి. ఆ రంధ్రంలోంచి ఇసుక రేణువు దిగినా బోరు మీద గీత పడుతుంది.

4. పీట: ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే

చాలామంది ఈ పని దగ్గరే పిసినారితనం చూపిస్తారు. అమ్మేవాడు "టైరులో పెట్టి కట్టేస్తాం సార్, రోజూ వందలు పంపుతాం" అంటాడు. ఊళ్లో ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి టైరు బాగానే పనిచేస్తుంది. ఢిల్లీ నుంచి విజయవాడ దాదాపు 1,800 కిలోమీటర్లు. మధ్యలో ఒకటో రెండో గోడౌన్లలో దించి ఎక్కిస్తారు. టైరు గుండ్రంగా ఉంటుంది కాబట్టి చూసిన హమాలీకి దొర్లించాలనే అనిపిస్తుంది. ఆయన తప్పేముంది? నూటయాభై కిలోల ఇనుమును మోయమంటే మీరైనా దొర్లిస్తారు.

కాబట్టి చెక్క పీట చేయించండి. అమ్మేవాడికి ఈ కొలతలు పంపండి:

- పీట ఇంజన్ కన్నా నాలుగువైపులా కనీసం మూడు అంగుళాలు పెద్దగా ఉండాలి. అప్పుడు పక్కనున్న పెట్టె జరిగినా పీట అంచుకు తగులుతుంది, ఇంజన్‌కి తగలదు.
- కింద పొడవునా దుంగలు వేసి నాలుగు అంగుళాల సందు వదలాలి. హ్యాండ్ ట్రాలీ ముళ్లు ఆ సందులో దూరాలి. ట్రాలీ దూరిందంటే ఎవరూ దొర్లించరు. ఈ ఒక్క సందు పీట మీద పెట్టిన డబ్బంతా తిరిగి ఇచ్చేస్తుంది.
- ఇంజన్ బరువు చాంబర్ మీద పడకూడదు. రేకు చాంబర్ అయితే సొట్టపడుతుంది, అల్యూమినియం అయితే పగులుతుంది. ఫౌండేషన్లు (ఇంజన్‌ని బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలు) బిగించే బోల్టు రంధ్రాలకూ, గేర్‌బాక్స్ కలిసే వైపు రంధ్రాలకూ ఇనుప యాంగిల్ ముక్కలు బిగించి, వాటిని పీటకు బోల్టు చేయాలి. చాంబర్‌కీ చెక్కకీ మధ్య రెండు అంగుళాల ఖాళీ కనిపించాలి.
- మేకులు పనికిరావు. లారీ కుదుపులకు మేకు మెల్లగా పైకొస్తుంది. పెద్ద వాషర్ వేసి ఆరపార బోల్టు, కింద నట్టు.

ఆ పైన రెండు రాట్చెట్ బెల్టులు అడ్డంగా వేయాలి. బెల్టు బ్లాక్ మీదుగా గానీ, ఇంజన్ ఎత్తే కొక్కేల మీదుగా గానీ పోవాలి. నోజిల్ పైపుల మీద, ప్లాస్టిక్ మేనిఫోల్డు మీద, వైర్ల మీద బిగిస్తే ఇంజన్‌ని కట్టినట్టు కాదు, విరిచినట్టు. బెల్టు ఎప్పుడైనా వదులవుతుంది, అందుకే అసలు బలం బోల్టులదే. పీట మీదికి ఎత్తేటప్పుడు కూడా చైన్ పుల్లీ కొక్కెం ఎక్కడ తగిలిస్తున్నారో చూడండి. టర్బోకి తగిలించినవాళ్లను కూడా చూశాను.

చుట్టూ పెట్టె కట్టించేటప్పుడు రెండు చిట్కాలు. పూర్తిగా మూసిన పెట్టె వద్దు, పలకల మధ్య సందులున్న పెట్టె కావాలి. లోపల ఇంజన్ ఉందని కంటికి కనబడితే మనిషి చేయి దానంతటదే జాగ్రత్తపడుతుంది. మూసిన పెట్టె అయితే అందరికీ ఒక పెట్టే. రెండోది, పైభాగం చదునుగా ఉండకూడదు. చదునుగా కనిపించిన ప్రతిచోటా ఇంకో పార్సిల్ వచ్చి కూర్చుంటుంది. రెండు పలకలు పెంకుటిల్లు కప్పులా వాలుగా కొట్టించండి.

నాలుగువైపులా బరువు, పైకి బాణం గుర్తు పెయింటుతో రాయించండి, హిందీలో. ఢిల్లీ, నాగ్‌పూర్ గోడౌన్లలో ఎత్తేవాళ్లకు మీ ఇంగ్లీషుతో గానీ, మన తెలుగుతో గానీ పనిలేదు. వానాకాలం అయితే పాలిథిన్ కప్పించండి కానీ అడుగు మూయనివ్వకండి. అన్నివైపులా బిగిస్తే లోపల చెమ్మ పట్టి తుప్పు మొదలవుతుంది.

అన్నీ అయ్యాక నాలుగువైపుల నుంచి ఫోటోలు, ఇంజన్ నంబరు ఇంకోసారి, కాటా మీద పెట్టిన బరువు చీటీ. ఇవి లేకుండా మిగతా డబ్బు పంపొద్దు.

5. లారీ ఆఫీసు, కిరాయి లెక్క

మామూలు కొరియర్, ఆర్టీసీ బస్సు పార్సిల్ ఆలోచన పెట్టుకోకండి. చిన్న పెట్రోల్ ఇంజన్ కూడా ఇద్దరు మనుషులు సునాయాసంగా ఎత్తేది కాదు. మీకు కావాల్సింది పార్ట్ లోడ్ (లారీ నిండా కాకుండా కొద్ది సరుకు) తీసుకునే ట్రాన్స్‌పోర్ట్. వీఆర్‌ఎల్, టీసీఐ లాంటి పెద్ద సంస్థలున్నాయి. దక్షిణాది ఊళ్ల మధ్య అయితే విజయవాడ నవతా లాంటివి ఉన్నాయి. ఢిల్లీలో సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్ట్ నగర్ నిండా ఈ ఆఫీసులే.

రేటు అడిగే ముందు అడగాల్సిన ప్రశ్న: "విజయవాడకు మీ బండి డైరెక్టా, మధ్యలో ఎన్ని చోట్ల దించుతారు?" ఒక్కసారి దించడం తగ్గుతుందంటే కిరాయి కాస్త ఎక్కువైనా నేను దానికే ఓటేస్తాను.

తర్వాత తూకం. కాటా బరువు ఒకటి, పెట్టె ఆక్రమించే చోటును బట్టి కట్టే బరువు ఇంకొకటి. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి వేస్తారు. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు హెచ్చవేసి 27,000తో భాగిస్తే వాళ్ల లెక్కలో ఘనపుటడుగులు వస్తాయి. మీ పెట్టె 90, 75, 80 అనుకోండి. హెచ్చవేస్తే 5,40,000, భాగిస్తే 20. ఘనపుటడుగుకి 6 కిలోల చొప్పున కట్టే ఆఫీసులో అది 120 కిలోలు. 10 కిలోల చొప్పున కట్టేచోట 200 కిలోలు. మీ ఇంజన్ అసలు బరువు 150 కిలోలైతే మొదటి ఆఫీసు 150కి, రెండో ఆఫీసు 200కి వసూలు చేస్తాయి. కిలో రేటు రెండోచోట తక్కువగా కనిపించి మోసపోయేది ఇక్కడే. "ఘనపుటడుగుకి ఎన్ని కిలోలు?" అని అడగండి. పీట అవసరానికి మించి పెద్దది చేయించకండి.

కిలో రేటు మీద హమాలీ, డోర్ కలెక్షన్, బిల్టీ (లారీ ఆఫీసు ఇచ్చే సరుకు రసీదు) చార్జీ, డెలివరీ చార్జీ విడిగా పడతాయి. మొత్తం కలిపి ఎంతో చెప్పమని మూడు ఆఫీసుల్లో అడిగితే తేడా తెలుస్తుంది. డబ్బు మిగలాలంటే డోర్ డెలివరీ బదులు గోడౌన్ డెలివరీ పెట్టించుకుని, మీ ఊళ్లో మీరే ట్రాలీ ఆటో మాట్లాడుకోండి.

రిటర్న్ లోడ్ లారీ సంగతి. మన మామిడి, మిర్చి లాంటి సరుకులు ఉత్తరాదికి వేసుకెళ్లిన లారీలు తిరుగు ప్రయాణంలో సరుకు కోసం చూస్తుంటాయి. తెలిసిన లారీ ఓనరు ఉంటే ఇది అన్నిటికన్నా చవక, పైగా మధ్యలో దించడమే ఉండదు. తెలియని డ్రైవరు చేతిలో బిల్టీ లేకుండా పెట్టడం మాత్రం నేను చేయను.

6. కాగితాలు: ఇక్కడ అబద్ధం రాస్తే నష్టం మీకే

సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ రవాణా పత్రం) తప్పనిసరి. అమ్మేవాడికి జీఎస్టీ ఉంటే అతనే తీస్తాడు, లేకపోతే ట్రాన్స్‌పోర్ట్‌వాళ్లు తీయొచ్చు. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున దానికి గడువు. 1,800 కిలోమీటర్లకు తొమ్మిది రోజులు వస్తాయి. దారిలో ఆలస్యమైతే గడువు ముగిసే వేళకు ఎనిమిది గంటలు ముందు నుంచి, ఎనిమిది గంటలు తర్వాత వరకు పొడిగించుకోవచ్చు. ఆ తేదీ మీ ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి.

ఈ తలనొప్పి లేకుండా "బిల్లు 45,000కే కొట్టేద్దాం" అని అమ్మేవాడు అంటాడు. పన్ను ఎగవేత సంగతి అలా ఉంచి, నష్టపరిహారం కూడా ఆ 45,000 లోపే ఆగిపోతుంది. ఇంకో లెక్క చూడండి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, దాని నిబంధనల ప్రకారం ఎక్కువ విలువ ప్రకటించి, ఎక్కువ రిస్కు రేటు కట్టకపోతే ట్రాన్స్‌పోర్ట్‌వాళ్ల బాధ్యత కిరాయికి పది రెట్లకు మించదు. కిరాయి 3,000 అనుకుంటే 30,000. ఇంజన్ 70,000 పెట్టి కొన్నారనుకోండి, మిగతా 40,000 గాల్లో కలిసినట్టే. ఎక్కువ రేటు కట్టడమా, విడిగా ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ తీసుకోవడమా అన్నది రెండూ అడిగి తేల్చుకోండి. ఇన్సూరెన్స్ అయితే "పాత ఇంజన్‌కి వర్తిస్తుందా, ఎక్కించి దించేటప్పుడు తగిలే దెబ్బ కూడా వస్తుందా?" అని రాతపూర్వకంగా అడగండి. యాక్సిడెంట్‌కి మాత్రమే వర్తించే పాలసీ మనకు దేనికి?

మనం ఎల్‌ఆర్ అనేదాన్నే ఢిల్లీలో బిల్టీ అంటారు. అందులో ఇంజన్ నంబరు, బరువు, విలువ, "చెక్క పెట్టెలో ప్యాక్ చేసినది" అన్న మాట ఉండాలి. "ఓనర్స్ రిస్క్", అంటే దెబ్బ తగిలితే బాధ్యత సరుకు ఓనరుదేనని ముద్ర వేస్తున్నారేమో చూడండి.

7. దింపుకునేటప్పుడు

సరుకు వచ్చిందని ఫోన్ రాగానే వెళ్లండి, గోడౌన్‌లో ఉంచిన రోజులకు అద్దె పడుతుంది. సంతకం చేసే ముందు ఢిల్లీ ఫోటోలు ముందు పెట్టుకుని పెట్టె చుట్టూ తిరగండి. పలక విరిగిందా, బోల్టు వంగిందా, చాంబర్ కింద ఆ రెండు అంగుళాల ఖాళీ అలాగే ఉందా? టార్చి వేసి చూడండి. ఏ మాత్రం తేడా ఉన్నా డెలివరీ రసీదు మీద రాసి, అప్పుడు సంతకం పెట్టండి. "తర్వాత చూసుకుందాం సార్, బండి కదలాలి" అని తొందరపెడతారు. మొహమాటపడకండి, తర్వాత చూసేవాళ్లెవరూ ఉండరు. నష్టం ఉంటే ట్రాన్స్‌పోర్ట్ సంస్థకు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు అది అందకపోతే కోర్టుకి వెళ్లే దారి మూసుకుపోతుంది. అంతదాకా ఆగకుండా ఆ వారంలోనే ఇచ్చేయండి.

గోడౌన్‌లో ట్రాలీ ఆటోలోకి ఎక్కించడం సులువే, కష్టమల్లా మీ షెడ్డులో దించడం. అక్కడ చైన్ పుల్లీ గానీ ఇంజన్ క్రేన్ గానీ ఉందో లేదో ముందే కనుక్కోండి. ఇన్ని వందల కిలోమీటర్లు క్షేమంగా వచ్చిన ఇంజన్, షెడ్డు గుమ్మం దగ్గర రెండు బల్లల మీంచి జారి పడ్డ సంగతి మా వీధిలోనే జరిగింది.

8. బిగించే ముందు, బిగించాక

ఎర్ర టేపులు లెక్కపెట్టి విప్పండి. కొత్త ఆయిల్ పోసి, క్రాంక్ పుల్లీ నట్టుకి పానా వేసి చేత్తో రెండు చుట్లు తిప్పించండి. ఎక్కడా పట్టకుండా తిరగాలి. చాంబర్ ఒకసారి విప్పి స్ట్రైనర్ చూసుకోవడం, ఇంజన్ బయట ఉండగానే టైమింగ్ చైన్ సంగతి తేల్చుకోవడం మంచిది. బండిలో పెట్టాక అదే పనికి రెట్టింపు కూలి.

ఆర్‌సీ పని విషయానికొస్తే, ఇంజన్ మార్చడానికి ఆర్‌టీఓ అనుమతి ముందే తీసుకోవాలి. మార్చిన 14 రోజుల్లోపు బిల్లు చూపించి కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. ఇది వదిలేస్తే యాక్సిడెంట్ క్లెయిమ్ అప్పుడో, బండి అమ్మేటప్పుడో నంబర్లు కలవక టెన్షన్ మొదలవుతుంది. ఆ పని పూర్తయ్యేదాకా నేనైతే పాత ఇంజన్‌ని తూకానికి వేయను. ఢిల్లీ నుంచి వచ్చిన పీట మీదే దాన్ని బిగించి, షెడ్డులో ఒక మూలకు తోసి ఉంచుతాను.